అద్దె ఇల్లు, కరెంటు కారు, శ్రీకాకుళంలో చార్జింగు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అద్దె ఇంట్లో పై వాటాలో ఉంటాం. నేను నరసన్నపేట దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. రోజూ రానుపోను యాభై కిలోమీటర్ల పైనే. మావారు ఎలక్ట్రిక్ కారు బుక్ చేశారు. 40 యూనిట్ల బ్యాటరీ, ఒక చార్జికి 465 కిలోమీటర్లు వస్తుందని షోరూమ్ కాగితంలో ఉంది. పాత పెట్రోలు కారు ఎక్స్‌చేంజిలో ఇచ్చేద్దామంటున్నారు. కింద పార్కింగ్‌లో చార్జింగ్ పెట్టుకుంటామంటే ఇంటి ఓనరుగారు ఒప్పుకోవడం లేదు. రిటైరైన పెద్దాయన, మంచివారే. వైర్లు కాలిపోతాయి, బిల్లు ఎవరు కడతారు అంటున్నారు. మావారేమో ఊళ్లోనూ హైవే మీదా చార్జర్లు ఉన్నాయి కదా, యాప్‌లో చూపిస్తోంది అంటారు. స్కూలు నుంచి వస్తూ ఒకదాని దగ్గర ఆగి చూశాను. తెర మీద ఏదో ఎర్రర్ ఉంది. అక్కడి కుర్రాడు, పది రోజులై పనిచెయ్యట్లేదు మేడమ్ అన్నాడు. మా అమ్మ ఇచ్ఛాపురంలో ఒక్కతే ఉంటుంది, తుంటి ఆపరేషన్ అయింది. రాత్రిపూట ఫోనొస్తే ఉన్నపళంగా బయల్దేరాలి. ఈ చార్జర్లను నమ్ముకుని కారు కొనొచ్చా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

టీచరుగారూ, అడిగిన మాటకు ముందు సూటిగా జవాబు చెబుతాను, కారణాలు తర్వాత. ఊళ్లోనూ హైవే మీదా ఉన్న చార్జర్లను నమ్ముకుని ఈ కారు కొనకండి. మీ ఇంటి కింద ఒక్క 15 ఆంపుల సాకెట్టు దొరికితే మాత్రం నిశ్చింతగా కొనుక్కోండి. మీరు చార్జర్ల గురించి బెంగపడుతున్నారు గానీ, నాకు మీ ఉత్తరంలో అసలు విషయం ఓనరుగారి దగ్గర కనిపించింది. ఆయన ఊఁ అంటే మీ సమస్యలో ముప్పాతిక వంతు తీరిపోతుంది.

నేను మూడేళ్లుగా విజయనగరంలో ఎలక్ట్రిక్ కారే నడుపుతున్నాను. మొదట్లో నేనూ మీవారిలాగే యాప్‌లో పచ్చ చుక్కలు చూసుకుని బయల్దేరేదాన్ని. ఒక వానాకాలం సాయంత్రం మా పెద్దమ్మను తీసుకుని బరంపురం నుంచి వస్తున్నాను. పలాస దాటేసరికి బ్యాటరీ 12 శాతానికి వచ్చింది. ముందున్న బంకులో చార్జరు ఖాళీగా ఉందని యాప్ చెప్పింది. వెళ్లి చూస్తే మిషను వెలుగుతోంది గానీ గన్ను, అంటే కారుకు తగిలించే ప్లగ్గు, పెడితే చార్జింగ్ మొదలవదు. బంకు కుర్రాడు పెట్రోలు కొట్టడం ఆపి వచ్చి చూసి, ఇది మాది కాదండి, కంపెనీవాళ్లు పెట్టి వెళ్లిపోయారు, తాళం కూడా వాళ్ల దగ్గరే అన్నాడు. మిషను మీదున్న నంబరుకు చేస్తే ఎక్కడో దూరాన ఉన్న మనిషి, రీస్టార్ట్ చేస్తున్నా ఉండండి అని హిందీలో చెప్పాడు. ముప్పావు గంట గడిచింది. మా పెద్దమ్మకు షుగరు ఉంది, వేళకు తినాలి. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. చివరికి రోడ్డుకి అవతలున్న వెల్డింగ్ షాపాయన పిలిచి, తన 15 ఆంపుల సాకెట్టులో పెట్టుకోమన్నాడు. రెండు గంటల్లో అయిదు యూనిట్లు ఎక్కింది. దానితో మెల్లగా నరసన్నపేట దాకా వచ్చి, అక్కడ పనిచేస్తున్న చార్జరు పట్టుకున్నాం. డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. పెద్దమ్మకు టీ, బన్ను కూడా ఆయనే తెప్పించాడు.

ఆ రోజు నుంచి నేను లెక్క మార్చుకున్నాను. బయటి చార్జరు అదృష్టం బాగుంటే దొరికేది, ఇంటి సాకెట్టు మన చేతిలో ఉండేది. కారు కొనే ముందు చేతిలో ఉన్నదాని మీద లెక్కవెయ్యాలి.

మీ లెక్క వేద్దాం. స్కూలుకు రోజుకు 52 కిలోమీటర్లు అనుకుందాం. మీరు చెప్పిన సైజు కారు మన రోడ్ల మీద, ఏసీ వేసుకుంటే, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. ఆ 465 అన్నది పరీక్ష గదిలో వచ్చిన అంకె, దాన్ని మరిచిపోండి. నిండు చార్జికి 270, 280 వస్తుందనుకుంటే మోసపోరు. అంటే స్కూలుకు మీకు రోజుకు కావలసింది ఏడున్నర యూనిట్లు. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద ఎనిమిది పైచిలుకు తిరుగుతాయి. కారుతో పాటు ఇచ్చే మామూలు చార్జరు 15 ఆంపుల సాకెట్టు నుంచి గంటకు రెండున్నర, మూడు యూనిట్లు లాగుతుంది. మొత్తం మూడు గంటలు, మూడున్నర గంటల పని. రాత్రి పదకొండుకు తగిలిస్తే మీరు పాలప్యాకెట్టు కోసం లేచేసరికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

షోరూమ్‌వాళ్లు మామూలు సాకెట్టు మీద ఫుల్ చార్జికి 15 గంటలు పడుతుందని చెప్పి, గోడకు బిగించే 7.2 కిలోవాట్ల పెద్ద చార్జరు, వాల్‌బాక్స్ అంటారు, పెట్టించుకోమని ఉంటారు. 15 గంటల మాట నిజమే, కానీ అది పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి. మీ బండి రోజూ అయిదో వంతు కూడా ఖర్చుకాదు. ఆ వాల్‌బాక్స్ మీకు అక్కర్లేదు. దానికి 32 ఆంపుల లైను కావాలి, లోడు పెంచుకోవాలి. ఓనరుగారి భయం ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో చార్జింగ్ లేకుండా బయటి చార్జర్ల మీదే బతికితే ఎలా ఉంటుందో కూడా చూడండి. వారానికి 45 యూనిట్లు కావాలి. మన దగ్గర చాలా చోట్ల ఉన్నవి 30 కిలోవాట్ల మిషన్లు. దానికి రెండు గన్నులుండి రెండో కారు కూడా వస్తే చాలావాటిలో శక్తి సగం సగం పంచుకుంటాయి. పైగా బ్యాటరీ 80 శాతం దాటాక చార్జింగ్ వేగం పడిపోతుంది, అది మిషను లోపం కాదు, బ్యాటరీ తనను తాను కాపాడుకునే తీరు. కాబట్టి వారానికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా గంట. స్కూలు అయ్యాక, ఇంటికి వెళ్లి వంట చెయ్యాల్సిన వేళలో, హైవే పక్కన బంకులో కారులో ఒక్కరే కూర్చోవాలి. ఆ గంట మీవారు కూర్చోరు, మీరు కూర్చోవాలి. ఈ ఒక్క మాట ఆయనతో నెమ్మదిగా చెప్పండి. యూనిట్ ధర కూడా 18 శాతం జీఎస్టీతో కలిపి ఇరవై, పాతిక రూపాయల మధ్య పడుతోంది. నెలకు నాలుగు వేల పైమాట. పెట్రోలు లీటరు 110 రూపాయల లెక్కన ఇప్పుడు మీకయ్యే తొమ్మిదిన్నర వేల కంటే అది తక్కువే, కాదనను. కానీ ఇంట్లో పెట్టుకుంటే అయ్యే ఖర్చు చూస్తే ఆ నాలుగు వేలు కూడా ఎక్కువ అనిపిస్తుంది.

ఇక ఓనరుగారు. ఆయన భయాన్ని చాదస్తం అనుకోకండి. 2022 ఏప్రిల్లో విజయవాడలో ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయిన వార్త ఆయన చదివే ఉంటారు. ఆ బ్యాటరీని బండి నుంచి ఊడదీసి పడగ్గదిలో చార్జింగ్ పెట్టారు. ఆ వేసవిలో అలాంటి ప్రమాదాలు వరసగా జరిగాకే కేంద్రం బ్యాటరీల భద్రతా పరీక్షలు బిగించింది. స్కూటర్లకు ఏఐఎస్ 156, కార్లకు ఏఐఎస్ 038 అనే ప్రమాణాలను సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేసింది. మీ కారు ఆ పరీక్షల తర్వాత వచ్చినదే. దాని బ్యాటరీ ఊడదీసేది కాదు, ఇంట్లోకి వచ్చేది కాదు. ఈ తేడా ఆయనకు ఓపిగ్గా చెప్పాలి.

వైర్లు కాలిపోతాయన్న మాటలో ఇంకా ఎక్కువ నిజం ఉంది. చార్జరు లాగే కరెంటు గీజరుకు సరిసమానం. గీజరు పావుగంటలో ఆగిపోతుంది, ఇది మూడు నాలుగు గంటలు ఆగకుండా లాగుతుంది. పాత ఇళ్లలో సన్నటి వైరు మీద, వదులైన సాకెట్టులో అంతసేపు లాగితే ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. అందుకని ఉన్న సాకెట్టులో పెట్టొద్దు. మీటరు బోర్డు నుంచి నేరుగా విడి లైను లాగించాలి. ఎలక్ట్రీషియన్లు ఫోర్ ఎంఎం అనే రాగి వైరు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసేలా దానికి సొంతంగా ఒక ఎంసీబీ, మనిషికి షాక్ కొట్టకుండా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, మంచి కంపెనీ సాకెట్టు, వాన జల్లు పడకుండా మూత ఉన్న పెట్టె. వీటిలో ఒక్కటి కూడా వదులుకోకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కారు చార్జింగ్ మాత్రం ఒక్క రాత్రికి కూడా వద్దు.

బిల్లు సంగతి. ముందు ఒకటి చూసుకోండి: మీ పై వాటాకు విడి మీటరు ఉందా? మన ఊళ్లలో చాలా ఇళ్లకు వాటాకో మీటరు ఉంటుంది, అన్నీ కిందే, మెట్ల పక్కన బోర్డు మీద ఉంటాయి. మీదీ అలాగే ఉంటే లైను మీ మీటరు నుంచే లాగొచ్చు, పార్కింగ్ పక్కనే కాబట్టి వైరు కూడా ఎక్కువ పట్టదు. ఓనరుగారి మీటరు ఒక్క యూనిట్ కూడా తిరగదు. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాశారు. దానివల్ల మీ బిల్లు ఎంత పెరుగుతుందంటే, ఇప్పుడు నెలకు 180 యూనిట్లు వాడుతున్నారనుకోండి, కారుకు ఇంకో 210 కలిపితే 390 అవుతుంది. మన గృహ టారిఫ్‌లో 225 యూనిట్ల దాకా ఆరు రూపాయల శ్లాబు, ఆపైన 400 దాకా 8.75. లెక్క వేస్తే అదనంగా పడేది 1,700 రూపాయల చిల్లర, సర్దుబాటు చార్జీలు పైన. ఎండాకాలంలో ఏసీ వేసి 400 దాటితే 9.75 శ్లాబులోకి వెళతారు, ఆ నెలల్లో కాస్త మండుతుంది.

విడి మీటరు లేకపోతే, లేదా శ్లాబుల గొడవ వద్దనుకుంటే, కారు కోసమే వేరే సర్వీసు తీసుకోవచ్చు. మన జిల్లాకు కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ టారిఫ్‌లో ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కు విడి కేటగిరీ ఉంది, అందులో గృహ టారిఫ్‌లాగా శ్లాబులు ఉండవు. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం వాహన చార్జింగ్‌కు వేరే కనెక్షన్ అడిగితే ఇవ్వాలి. అవే నిబంధనల్లో కొత్త కనెక్షన్‌కు మునిసిపల్ ప్రాంతాల్లో ఏడు రోజులు, పల్లెల్లో పదిహేను రోజులు గడువు పెట్టారు. అద్దె ఇల్లు కాబట్టి ఓనరుగారి అంగీకారపత్రం అడుగుతారు. చివరికి ఏ దారిలో వెళ్లినా ఆయన సంతకం దగ్గరికే రావాలి.

ఆయనతో ఎలా మాట్లాడాలంటే, ఫోన్లో వద్దు, మెట్ల మీద ఎదురైనప్పుడు వద్దు. ఆదివారం ఉదయం మీరిద్దరూ కలిసి వెళ్లండి. మీ ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లకండి, ఆయనకు నమ్మకమున్న ఎలక్ట్రీషియన్‌నే పిలిపించమనండి. ఆ ఇంటి వైరింగు తెలిసిన మనిషి తన నోటితో ఫలానా లైను వేస్తే ఫర్వాలేదు సార్ అంటే, మీరు పదిసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఒక కాగితం రాసివ్వండి: లైను ఖర్చు మాది, బిల్లు మాది, ఖాళీ చేసేటప్పుడు మీరు ఉంచమంటే ఉంచుతాం, తియ్యమంటే తీసి గోడ బాగుచేయించి వెళతాం, మా చార్జింగ్ వల్ల మీ వైరింగుకు నష్టం వస్తే మేమే భరిస్తాం. పెద్దవాళ్లకు రాతలో ఉంటే ధైర్యం. రేపు ఈ ఇంటికి అద్దెకొచ్చేవాళ్లు కూడా చార్జింగ్ పాయింటు ఉందా అని అడిగే రోజు దగ్గరలోనే ఉందని కూడా చెప్పండి, అది నిజం కూడా.

అప్పటికీ ఆయన వద్దంటే ఒత్తిడి పెట్టకండి. ఇల్లు ఆయనది. అప్పుడు బుకింగ్ వాయిదా వెయ్యండి, కుదరకపోతే రద్దు చేసుకోండి. బుకింగ్ డబ్బు కొంత పోయినా సరే. సాకెట్టు లేకుండా పన్నెండు, పదిహేను లక్షల బండి తెచ్చి ఇంటి ముందు పెట్టుకుని, రోజూ చార్జరు వెతుక్కోవడం కంటే అది చిన్న నష్టం. ఈ ఇంటి గడువు అయ్యాక సొంత సాకెట్టు ఇచ్చే ఇల్లు చూసుకుని అప్పుడు కొనొచ్చు.

ఇచ్ఛాపురం గురించి మీరు రాసింది చదివి నాకు మీ గుబులు అర్థమైంది. శ్రీకాకుళం నుంచి సుమారు 130 కిలోమీటర్లు. హైవే మీద ఇరవై యూనిట్లు చాలు, అంటే మీ బ్యాటరీలో సగం. ఇక్కడే ఇంటి సాకెట్టు విలువ తెలుస్తుంది. రోజూ రాత్రి 80 శాతం దాకా చార్జ్ అయ్యేట్టు పెట్టుకుంటే, అర్ధరాత్రి ఏ గంటకు ఫోనొచ్చినా అమ్మ దగ్గరికి చేరి ఇంకా పాతిక, ముప్పై శాతం మిగులుతుంది. దారిలో ఏ చార్జరు వైపూ చూడక్కర్లేదు. అలాంటి రాత్రి మడపాం టోల్‌గేటు దాటాక ఇక చార్జింగ్ గురించి ఆలోచించకుండా అమ్మ గురించి ఆలోచించుకుంటూ నడపొచ్చు. బయటి చార్జర్ల మీద బతికేవాళ్లకు ఈ ధీమా ఉండదు, ఎందుకంటే వాళ్ల బండి వారంలో సగం రోజులు ముప్పై, నలభై శాతం మీద నిద్రపోతుంది.

అయితే అమ్మ దగ్గర కూడా ఒక సాకెట్టు కావాలి, తిరిగి రావడానికి. రాత్రంతా తగిలిస్తే ఇరవై యూనిట్ల పైనే ఎక్కుతుంది, అది తిరుగు ప్రయాణానికి సరిపోయి మిగులుతుంది. కారు వచ్చే లోపే అక్కడ ఎర్తింగ్ పరీక్ష చేయించండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. మన పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది, దానికి ఎర్తు ఉండదు. ఫ్రిజ్, టీవీ పట్టించుకోవు గానీ కారు చార్జరు ఎర్తు సరిగా లేకపోతే మొరాయిస్తుంది, ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. తీరప్రాంతపు ఇసుక నేలల్లో ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతుంది కూడా. బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంత తీయించి, నీళ్లు పోసేందుకు పైపు పెట్టించండి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజి కొలిచి చూపించమనండి, అది దాదాపు సున్నా దగ్గర ఉండాలి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా పల్లెల్లో వోల్టేజి పడిపోతుంటుంది, చార్జింగ్ ఆ తర్వాత మొదలయ్యేట్టు టైమరు పెట్టుకోండి. నిజానికి ఈ ఎర్తింగ్ అమ్మకు కూడా మంచిదే, తడి చేత్తో గ్రైండరు ముట్టుకునే ఇల్లు కదా.

మరి బయటి చార్జర్లు అసలు పనికిరావా? పనికొస్తాయి, నేను ఇప్పటికీ వాడుతున్నాను. అమ్మను చూసి అదే రోజు వెనక్కి రావలసి వస్తే 260 కిలోమీటర్లు ఒకే చార్జి మీద గీతకు గీతగా ఉంటుంది. అప్పుడు దారిలో ఇరవై నిమిషాలు ఆగితే 30 కిలోవాట్ల మిషను కూడా పది యూనిట్లు, అంటే 70 కిలోమీటర్లు ఇస్తుంది. కాకపోతే అవి ఏవి నిజంగా పనిచేస్తున్నాయో మీకు ముందే తెలియాలి. మీరు స్కూలు దారిలో ఆగి చూశారే, అది చాలా తెలివైన పని. దాన్నే ఇంకొంచెం సాగదీయండి. పాత కారులోనే ఒక సెలవు రోజు మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం నుంచి నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా వెళ్లండి. యాప్‌లో కనిపించే ప్రతి చార్జరు దగ్గరా ఆగండి. గన్ను సీసీఎస్ 2, అంటే ఇప్పటి కార్లకు పట్టే ఫాస్ట్ చార్జింగ్ రకం, అవునో కాదో చూడండి. కొన్ని పాత మిషన్లకు ఉన్న గన్ను మీ కారుకు పట్టదు. స్కూటర్ల కోసం పెట్టినవాటిని కూడా యాప్‌లు కలిపి చూపిస్తాయి. రాత్రి గేటు వేస్తారా, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా, చివరిసారి కారు ఎప్పుడు వచ్చింది అని అక్కడి మనుషుల్ని అడగండి. టీ కొట్టతను చెప్పేది యాప్ చెప్పేదానికంటే నిజం. ప్లగ్‌షేర్ యాప్‌లో అక్కడికి వెళ్లినవాళ్లు తేదీలతో రాస్తారు, అందులో నెల లోపు రాసినవి మాత్రమే నమ్మండి. ఇలా తిరిగొచ్చాక మీ దగ్గర రెండో మూడో నమ్మకమైన పేర్లు మిగులుతాయి. అవి చాలు. మీ ఇద్దరి వాదన కూడా ఆ ఒక్కరోజులో తేలిపోతుంది.

మన చిన్న ఊళ్లలో ఈ మిషన్లు ఎందుకు ఇలా మూలపడుతున్నాయో నాకు మొదట అర్థమయ్యేది కాదు. డబ్బు లేక కాదు. 2023 మార్చిలో కేంద్రం మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల కోసం 800 కోట్లు మంజూరు చేసింది. హైవేకి రెండు వైపులా 25 కిలోమీటర్లకు ఒక చార్జరు ఉండాలని 2022 మార్గదర్శకాల్లోనూ రాశారు. కానీ రోజుకు ఒకటి రెండు కార్లు వచ్చే చోట మిషను నడిపేవాడికి మిగిలేది ఏమీ ఉండదు, పాడైతే పరుగెత్తుకుంటూ రావడానికి కారణం ఉండదు. బంకులో ఉండే కుర్రాడికి దానితో సంబంధం లేదు, ఎవరూ నేర్పలేదు. డబ్బు కట్టించుకోవడానికి మిషనుకు లోపలున్న సిమ్‌కు సిగ్నలు కావాలి, అది లేకపోతే కరెంటున్నా చార్జింగ్ మొదలవదు. వోల్టేజి ఎగుడుదిగుళ్లకు ట్రిప్ అయితే మళ్లీ మీట వేసేవాళ్లు ఉండరు. పెట్టినందుకు డబ్బు ఇచ్చారు, నడిపినందుకు ఇవ్వాల్సింది అని నా అభిప్రాయం. ఊళ్లోనే ఉండే ఒక మనిషికి తాళం, జీతం, బాధ్యత ఇచ్చి ఉంటే ఆ రోజు మా పెద్దమ్మ అంతసేపు కూర్చునేది కాదు.

పనిచెయ్యని చార్జరు కనబడితే మిషను మీదున్న నంబరు ఫోటో తీసి, తేదీతో ఫిర్యాదు పెట్టండి. మీ స్కూల్లోనో చుట్టుపక్కలో ఎలక్ట్రిక్ బండ్లవాళ్లు పదిమంది ఉంటే సంతకాలతో సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రాష్ట్రంలో చార్జింగ్ స్టేషన్ల బాధ్యత చూసే నోడల్ సంస్థ నెడ్‌క్యాప్, అర్జీలో ఆ పేరు రాయండి. అడగాల్సింది కొత్త మిషను ఒక్కటే కాదు. కార్పొరేషన్ పార్కింగుల్లో, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర, అరసవల్లి గుడి పార్కింగులో మీటరున్న మామూలు 15 ఆంపుల సాకెట్లు పదేసి పెట్టమని అడగండి. ఒక పెద్ద మిషను పాడైతే ఊరంతా ఆగిపోతుంది, పది సాకెట్లలో రెండు పోయినా ఎనిమిది ఉంటాయి. రథసప్తమి నాడు దూరం నుంచి వచ్చిన బండి దర్శనం క్యూలో గడిచే గంటల్లోనే ఊరు చేరడానికి సరిపడా చార్జ్ అవుతుంది. కరెంటు అమ్మడానికి లైసెన్సు కావాలేమో అని లాడ్జిలవాళ్లు, హోటళ్లవాళ్లు భయపడుతుంటారు. అక్కర్లేదు, వాహన చార్జింగ్ అనేది సేవ, కరెంటు అమ్మకం కాదని కేంద్రం 2018 ఏప్రిల్లోనే చెప్పింది. నరసన్నపేటలో మీకు తెలిసిన హోటలాయన ఎవరైనా ఉంటే ఈ మాట చెవిన వెయ్యండి.

తుపాన్ల గురించి మీరు అడగలేదు గానీ ఇచ్ఛాపురం వెళ్లే మనిషికి చెప్పకుండా ఉండలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో చాలా రోజులు కరెంటు లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే కారు వందకు నింపి ఎత్తైన చోట పెట్టండి. సెల్లారులో వద్దు. నీళ్లు నిలిచిన చోట చార్జింగ్ పెట్టొద్దు, బండి సీట్ల దాకా మునిగితే సర్వీసువాళ్లు చూసేదాకా స్టార్ట్ చెయ్యొద్దు. అలాంటి రోజుల్లో పెట్రోలు బంకులు కూడా మూతపడతాయి కాబట్టి ఎలక్ట్రిక్ కారు ఒక్కటే నష్టపోతుందనుకోకండి. కానీ కరెంటు తిరిగొచ్చేదాకా ఆ ఒక్క నిండు చార్జినే పొదుపుగా వాడుకోవాలి.

మీవారికి ఒక మాట. ఆయన కోరిక తప్పు కాదు, లెక్కలు కూడా చాలావరకు ఆయన వైపే ఉన్నాయి. రోజూ యాభై కిలోమీటర్లు, ఒకే దారి, రాత్రి ఇంటిపట్టున ఉండే బండి. ఎలక్ట్రిక్ కారుకు ఇంతకంటే తగిన వాడకం నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ లేదు. పాత పెట్రోలు కారును మాత్రం ఇప్పుడే ఇచ్చెయ్యవద్దనండి. ఎక్స్‌చేంజిలో కాస్త తక్కువొచ్చినా మూడు నెలలు ఉంచుకుని, ఈలోగా రెండుసార్లు అమ్మ దగ్గరికి కొత్త బండిలో వెళ్లిరండి, ఒకటి పగలు, ఒకటి రాత్రి. ఆ తర్వాత దాని అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది, ఆ నిర్ణయం నడిపే మనిషిగా మీరే తీసుకోండి.

ఈ వారం చెయ్యాల్సినవి రెండే. మెట్ల కింద మీటరు బోర్డు మీద మీ వాటా మీటరు ఏదో చూడండి. అమ్మ ఇంటి ఎర్తింగ్‌కు అక్కడి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. ఓనరుగారు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఆయన అడిగిన ప్రశ్నలు కూడా రాయండి, ఆయనకే నేరుగా జవాబు రాస్తాను.